మీకు నేనేమవుతాను?

జనవరి 4, 2025, శనివారం

మా పెళ్ళికి వెబ్‌సైట్ నేనే చేస్తానని మొన్న నోరు జారాను. టీమ్ అంతా విన్నారు. ఇక చేయక తప్పదు.

నోరు జారడానికి కారణం స్వప్న. మా టీమే. పోయిన నెల పెళ్ళి చేసుకుంది. రెడీమేడ్ టెంప్లేట్‌తో సైట్ పెట్టింది. అందులో 'అవర్ స్టోరీ' అని ఒక పేజీ. వాళ్ళిద్దరూ ప్యారిస్‌లో వాన పడుతుండగా కలిశారని రాసి ఉంది. టెంప్లేట్‌తో వచ్చిన వాక్యం అది, మార్చడం మర్చిపోయారు. నిజానికి వాళ్ళు కలిసింది బెళ్ళందూరులో, మా ఆఫీసు క్యాంటీన్‌లో, దోసె కౌంటర్ దగ్గర. నేను చదివి పగలబడి నవ్వాను. అంత తెలిస్తే నువ్వే చేసుకో అంది స్వప్న. చేసుకుంటాను అన్నాను.

ఆరేళ్ళుగా నేను టెస్టర్‌ని. ఇంకొకరు రాసిన కోడ్‌లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. ఇంట్లో కూడా అదే పని చేస్తానని అమ్మ అంటుంది. ఇప్పుడు రాసేదీ నేనే, పట్టేదీ నేనే.

మా 'అవర్ స్టోరీ' ఇలా రాశాను, నన్ను కూడా శశికళ అని మూడో మనిషిలా. పునీత్‌ వాళ్ళకు చందాపురలో బ్యాటరీల షాపు ఉంది. రెండేళ్ళ కిందట శశికళ ఆఫీసులో యూపీఎస్ రిపేరుకు వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి సబ్బు అడిగాడు. సబ్బు లేదు. దాని మీద ఆమె అప్పటికే మూడు కంప్లైంట్లు పెట్టి ఉంది. అంతే. ఒక్క అబద్ధం లేదు.

జనవరి 5, ఆదివారం

హోమ్ పేజీ అయింది. ఫిబ్రవరి 23, ఉదయం 9.20. కౌంట్‌డౌన్ పెట్టాను. నలభై తొమ్మిది రోజులు అని ఎర్రగా వచ్చింది. బాంబు పేలబోతున్నట్టు ఉంది. తీసేశాను.

జనవరి 8, బుధవారం

ఒక ఐడియా వచ్చింది. ఇలాంటి పేజీ ఏ టెంప్లేట్‌లోనూ ఉండదు.

నవంబరులో నిశ్చితార్థమప్పుడు మా కాటన్‌పేట చుట్టాల్లో ముసలమ్మలందరూ వరసగా వచ్చి నా గడ్డం పట్టుకున్నారు. నేను నీకేమౌతానో తెలుసునా అని అడిగారు. నాకు ఒక్కరి వరసా తెలియదు. అందరినీ అత్తా అన్నాను. ఒకామె నొచ్చుకుంది, ఆమె నాకు పెద్దమ్మట. అత్త అంటే ఆమె కొడుకు నాకు బావ అవుతాడు, పెద్దమ్మ అంటే అన్న అవుతాడు. మాట చిన్నదే, తేడా పెద్దది.

అందుకని ఒక పేజీ. పేరు 'మీకు నేనేమవుతాను?' వచ్చేవాళ్ళు తమ పేరు, అమ్మ పేరు, నాన్న పేరు, తోడబుట్టినవాళ్ళ పేర్లు, ఊరు టైప్ చేయాలి. పేజీ వాళ్ళను మా వంశవృక్షంలో కలుపుకుని, ఎవరికి ఎవరేమవుతారో లెక్క కట్టి చెబుతుంది. రూల్స్ సులువు. అక్కచెల్లెళ్ళ పిల్లలు అన్నాచెల్లెళ్ళు. అన్నదమ్ముల పిల్లలూ అంతే. అన్న పిల్లలు, చెల్లెలి పిల్లలు మాత్రం బావా మరదళ్ళు. ఇంత చక్కని లాజిక్ మా ఆఫీసు ప్రాజెక్టులో కూడా లేదు.

ఒకే మనిషిని రెండు వైపులవాళ్ళూ ఎంటర్ చేస్తే? పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ ఒకటైతే ఇద్దరినీ ఒకరిగా కలిపేయమని రాశాను.

జనవరి 11, శనివారం

మొదట ఇంట్లోవాళ్ళను ఎక్కించాను. నాన్న చెన్నరాయప్ప, ఇంటి కింద ఊదుబత్తీల హోల్‌సేల్ షాపు ఆయనదే. అమ్మ పుష్పావతి. అమ్మకు అమ్మ లక్ష్మీదేవి, మా అవ్వ. అవ్వకు కొడుకులు లేరు, తాత పోయాక మాతోనే ఉంటోంది.

ఈ పెళ్ళి ఇంత త్వరగా కుదిరిందంటే అవ్వ వల్లే. నేనే ఏరుకున్న అబ్బాయి కదా, నాన్న నసిగాడు. కులం ఒకటే, గోత్రాలు వేరు అని తేలాక అమ్మ కొబ్బరికాయ కొట్టింది కానీ ఇంకో ఏడాది చూద్దామంది. అవ్వ మాత్రం పునీత్ వాళ్ళమ్మ మొదటిసారి మా ఇంటికి వచ్చివెళ్ళిన సాయంత్రమే, బేగ ముహూర్తం పెట్టండని పట్టుబట్టింది. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి ప్రేమ పెళ్ళికి అంత తొందరపడటం నాకు గొప్పగా అనిపించింది.

తోడబుట్టినవాళ్ళు ఎంతమంది అని అడిగాను. ఇద్దరమే, తాను, తమ్ముడు రామాంజినప్ప అంది. కరివేపాకు దూస్తూ, చచ్చిపోయినవాళ్ళు కూడా నీ మిషన్‌కు తెలుస్తారా అని అడిగింది. ఎవరైనా టైప్ చేస్తే తెలుస్తారన్నాను. ఎవరూ చెప్పకపోతే తెలియదు కదా అంది. తెలియదన్నాను.

పునీత్ తన వైపు ఎక్కించాడు. అమ్మ భాగీరథమ్మ. ఆమె అమ్మ హనుమక్క, ఎనిమిదేళ్ళ కిందట పోయింది. హనుమక్క తండ్రి పెద్దమునియప్ప. ఊరు ఆనేకల్.

జనవరి 16, గురువారం

లింకు ఫ్యామిలీ గ్రూపుల్లో వదిలాను. సాయంత్రానికి నూట పన్నెండు ఎంట్రీలు. ఒకాయన తండ్రి పేరు దగ్గర 'తెలుసుకొని ఏం చేస్తావు' అని కొట్టాడు. ఇంకొకామె తన ఎంట్రీ తొమ్మిదిసార్లు పంపింది. కానీ అందరికీ నచ్చింది. భాగీరథమ్మ అత్త ఫోన్ చేసి, మీ పేజీలో నాకు రోజుకొక చుట్టం దొరుకుతున్నాడమ్మా అంది. ఆమెకు అమ్మ వైపు ఎవరూ లేరట. అందుకే రోజూ తెరిచి చూస్తుందట.

జనవరి 18, శనివారం, ఉదయం 11

హిందూపురం నుంచి రామాంజినప్ప తాత ఫోన్. ఆయనది బటన్ల ఫోను. నేను అడిగితే ఆయన చెబుతాడు, నేను టైప్ చేస్తాను. తోడబుట్టినవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ముగ్గురం అన్నాడు. ఇద్దరు కదా తాతా అన్నాను.  చెప్పకూడదన్నారు గాని ఇప్పుడు అడిగేవాళ్ళెవరుండారులే అన్నాడు.

అందరికంటే పెద్దది ఒకామె ఉండేది. ఏడో ఏట దత్తత ఇచ్చేశారు. తీసుకున్నవాళ్ళు, మళ్ళీ రాకపోకలు ఉండకూడదు, పిల్ల మనసు విరుగుతుందని ఒట్టు వేయించుకున్నారు. తాత అప్పటికి పుట్టలేదు. వాళ్ళమ్మ పోయే ముందు చెబితే తెలిసింది. పేరు అడిగాను. హనుమక్క. ఎవరికిచ్చారు. ఆనేకల్ పెద్దమునియప్పకు.

చెప్పింది చెప్పినట్టు టైప్ చేశాను. చేస్తున్నప్పుడు ఏమీ తోచలేదు. టైప్ చేసేవాళ్ళకు తోచదు.

అదే రోజు, మధ్యాహ్నం 2

ఎంట్రీ సరిగా పడిందా అని తాత పేజీ తెరిచాను. వధువు: మీకు మనవరాలు, అక్క కూతురి కూతురు. సరే. వరుడు: మీకు మనవడు, అక్క కూతురి కొడుకు.

నా పేరు మీద నొక్కాను. భాగీరథమ్మ: మీకు పెద్దమ్మ. పునీత్: మీకు అన్న.

జనవరి 19, ఆదివారం

పేజీ తీసేసి 'అండర్ మెయింటెనెన్స్' అని బోర్డు పెట్టాను. తాత ఎంట్రీ పడ్డాక ఒక రోజు తెరిచి ఉంది. వీకెండ్‌లో ఎవరు చూస్తారు.

తర్వాత బగ్‌ను పరీక్షించినట్టే పరీక్షించాను. వేరే పేర్లతో ఒక దొంగ కుటుంబాన్ని తయారుచేసి నడిపాను. సరిగ్గా చెప్పింది. కాగితం మీద నేనే గీశాను. అదే వచ్చింది. అవ్వ, హనుమక్క సొంత అక్కచెల్లెళ్ళు. వాళ్ళ కూతుళ్ళు మా అమ్మలు, వాళ్ళూ అక్కచెల్లెళ్ళ వరస. వాళ్ళ పిల్లలం మేము. గోత్రాలు అడిగినప్పుడు ఇది ఎవరికీ దొరకలేదు, ఎందుకంటే గోత్రం నాన్న నుంచి వస్తుంది. ఇది అమ్మల నుంచి వచ్చింది.

మా వాళ్ళు ఎన్ని చూసీ చూడనట్టు వదిలేసినా వావి వరస దగ్గర వదలరు. నాన్న ఈ మాట వింటే ఆ నిమిషమే పెళ్ళి ఆపేస్తాడు. చందాపురలో కూడా అంతే.

బగ్ కాదు. కోడ్ రాసినట్టే పని చేస్తోంది.

జనవరి 20, సోమవారం

ఆఫీసుకు వెళ్ళాను. ఇవాళ ఎవరి కోడ్‌లోనూ తప్పు పట్టలేదు.

జనవరి 22, బుధవారం

పునీత్ వచ్చాడు, బెళ్ళందూరులోనే ఏదో కంపెనీలో బ్యాటరీలు మార్చే పని ఉందని. కలిసి భోంచేశాం. మాటల్లో మాటగా వాళ్ళ అవ్వ గురించి అడిగాను. తన అవ్వంటే పునీత్‌కు ప్రాణం. ఎవరైనా అడిగితే చాలు చెబుతాడు.

చివరి పది రోజులు ఆమె మనుషులను గుర్తు పట్టలేదట. లచ్చీ, లచ్చీ అని పిలిచేదట. అప్పట్లో వాళ్ళకు ఒక ఆవు ఉండేది. దాని పేరు లక్ష్మి. పాపం ఆవు మీద ప్రాణం పెట్టుకుంది అనుకుని, రోజూ ఉదయం ఆవును తోలుకొచ్చి కిటికీ ముందు నిలబెట్టేవాళ్ళట. అవ్వ దాన్ని చూసి మొహం తిప్పుకునేదట. అదొక్కటే మాకు అర్థం కాలేదు అన్నాడు పునీత్.

రామాంజినప్ప తాత మా అవ్వను లచ్చక్క అంటాడు. మా ఇంట్లో ఆ పేరు అందరికీ తెలుసు.

నాకు అన్నం దిగలేదు. క్యాంటీన్ అన్నం బాగా లేదని పునీత్ కూడా పక్కకు నెట్టేశాడు.

జనవరి 23, గురువారం

కోపంగా ఉంది. మా ఎదురింటి శ్రీను సొంత అక్క కూతుర్ని చేసుకున్నాడు. కాటన్‌పేట అంతా వెళ్ళి భోంచేసి వచ్చింది. మేనమామను చేసుకుంటే ముచ్చట, మేనబావను చేసుకుంటే ముచ్చట. నేను, పునీత్ రక్తంలో వాళ్ళందరికంటే దూరం. కానీ మాది తప్పు. ఏ డాక్టరును అడిగినా నవ్వుతాడు. ఏ ముసలమ్మను అడిగినా చెవులు మూసుకుంటుంది.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దం ముందు నిలబడి 'అన్నా' అని గట్టిగా అని చూశాను. అసహ్యం వేస్తుందనుకున్నాను. వేయలేదు. పునీత్ మొహమే కనిపించింది, ఎప్పటిలాగే ముద్దొచ్చింది. నాలో ఏదైనా లోపం ఉందేమోనని భయం వేసింది.

ఇంకోటి. ఈ సంగతి చెబితే నా పెళ్ళి పోతుంది. చెప్పకపోతే అవ్వకు తన అక్క ఎక్కడ బతికిందో, ఎవరిని పిలుస్తూ పోయిందో ఎప్పటికీ తెలియదు. రెండూ నా చేతిలోనే ఉన్నాయి. అవ్వ పక్కన కూర్చోలేకపోతున్నాను.

జనవరి 26, ఆదివారం

చెప్పేశాను.

అవ్వ మిద్దె మీద గుడ్డ పరిచి పెళ్ళికి సండిగ వడియాలు పెడుతోంది. నేను గుడ్డ అంచు పట్టుకుని కూర్చున్నాను. నీకు ఒక అక్క ఉండేది కదా అవ్వా అన్నాను. చెయ్యి ఆగలేదు. రామాంజి చెప్పినాడా అంది. తర్వాత, అమ్మకు చెప్పావా అని అడిగింది. లేదన్నాను. ఆ వరుస పూర్తిగా పెట్టి, తర్వాతి వరుస మొదలుపెడుతూ చెప్పింది.

అవ్వకు అన్నీ తెలుసు. అక్టోబరు నుంచీ తెలుసు.

భాగీరథమ్మ అత్త మొదటిసారి మెట్లెక్కి వస్తుంటే, చచ్చిపోయిన తన అమ్మే నడిచి వస్తున్నట్టు అనిపించిందట. పూలు కడుతూ ఊరికే అడిగినట్టు అడిగింది, మీ అమ్మ పేరేమి తల్లీ అని. హనుమక్క. తాత పేరేమి. పెద్దమునియప్ప. అమ్మ ఉండాదా. లేదు, పోయి ఎనిమిదేళ్ళయింది. అవ్వ లేచి స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. ఆ సాయంత్రమే బేగ ముహూర్తం పెట్టండి అంది. కాటన్‌పేట నుంచి చందాపురకు ఒక పూట దారి కూడా లేదు. అక్క పోయేదాకా ఇద్దరూ ఇంత దగ్గరలోనే ఉన్నారు.

అక్కను పంపేటప్పుడు అవ్వకు నాలుగేళ్ళు. కొత్త పావడా కట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపారట. వారం రోజులు అక్కేది, అక్కేది అని అడిగితే వాళ్ళ నాన్న ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పించాడు. నీకు అక్క లేదు. ఆమె ఎవరు? పెద్దమునియప్ప కూతురు. మళ్ళీ చెప్పు. అక్క అన్న పూట సద్ది పెట్టేవాళ్ళు కాదు.

అయితే పునీత్ నాకేమవుతాడో నీకు తెలుసు కదా, తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావు అని అడిగాను. అప్పుడు అవ్వ చెయ్యి ఆపింది.

"ఆ పొద్దు నా అక్కని అక్క కాదన్నారు. కొట్టి నేర్పించినారు. ఇన్నేండ్లూ అట్లే అనుకొని బతికినా. ఇప్పుడు నీ పెండ్లికాడికి వచ్చేసరికి అక్కే అంటే నేనొప్పుకోను."

కొంచెం ఆగి మళ్ళీ అంది. "అక్క కూతురు నా ఇంటికి వియ్యపురాలై వస్తాది. అక్క మనవడు నా ముంగట కూర్చొని తింటాడు. ఇంగో దోవలో వాళ్ళు నా గడప తొక్కుతారా? నాకింతే చాలు. ఎవురికీ చెప్పొద్దు, సుమ్మనుండు."

లచ్చీ అని పిలుస్తూ పోయిందని చెప్పాను. ఆవు సంగతి కూడా చెప్పాను, చెప్పకూడదనుకుంటూనే. అవ్వ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను.

నా పెళ్ళిని అవ్వ తన దారిగా వాడుకుంది. దానికి కోపం వచ్చింది. అరగంటలో తగ్గింది, పూర్తిగా పోలేదు. కానీ ఇవాళ కడుపు నిండా తిన్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

పత్రికలు వచ్చాయి. సైట్‌లో పెళ్ళి మండపానికి దారి చూపించే మ్యాప్ పెట్టాను. మూసేసిన పేజీ ఎప్పుడు తెరుస్తావని అందరూ అడుగుతున్నారు. పని ఎక్కువగా ఉందని చెబుతున్నాను. అవ్వ, నేను ఒకరినొకరు చూసుకుని ఏమీ తెలియనట్టు తిరుగుతున్నాం. బాగానే గడుస్తోంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం, మధ్యాహ్నం 3.40

ఇవాళ ఇంటి నుంచే పని. 

రెండింటికి తలుపు కొట్టారు. భాగీరథమ్మ అత్త. ఒక్కతే. చందాపురలో బస్సెక్కి మార్కెట్‌లో దిగి నడిచి వచ్చింది. ఒక చేతిలో మల్లెపూలు, ఒక చేతిలో కవర్ నిండా సపోటాలు. ముందు చెప్పకుండా రావడం తప్పేనంది, లోపలికి వచ్చింది, అవ్వ ముందు నేల మీద కూలబడి రెండు చేతులూ పట్టుకుంది.

"చిన్నమ్మా" అంది.

రామాంజినప్ప తాత ఎంట్రీ పడిన ఆ శనివారం ఆమె పేజీ తెరిచింది. రోజూ తెరిచినట్టే. లక్ష్మీదేవి: మీకు చిన్నమ్మ అని వచ్చింది. ఆదివారం తెరిస్తే పేజీ లేదు. కలగన్నానేమో అనుకుంది. ఇంటి మగవాళ్ళకు చెప్పలేదు. పునీత్‌కు మాత్రం చెప్పింది, అతను పోయి అడుగు అన్నాడు. అడగడానికి పందొమ్మిది రోజులు ధైర్యం రాలేదు. ఇవాళ ఇంట్లో ఉండలేకపోయింది.

"మా అమ్మ సచ్చేదాకా నీ పేరే అనింది. మాకు తెలీలేదు చిన్నమ్మా. ఆవును తెచ్చి చూపించినాము."

ఆమె సంతోషంలో ఉంది. పెళ్ళి మాట ఆమెకు గుర్తే లేదు. అమ్మ వైపు ఎవరూ లేకుండా పెరిగి, ఇన్నేళ్ళకు అమ్మకు ఒక చెల్లెలుందని తెలిసిన మనిషి ఆమె. కానీ వంటింటి గుమ్మంలో మా అమ్మ నిలబడి ఉంది. చేతిలో గరిటె. చిన్నమ్మ అన్న ఆ ఒక్క మాట నుంచి అమ్మ వరస కట్టుకుంటూ వస్తోంది. ఈమె నాకు అక్క. ఈమె కొడుకు నాకు కొడుకు. నా కూతురు. అమ్మ మొహం తెల్లబడటం నేను చూశాను. అవ్వ కూడా చూసింది.

అవ్వ అత్త చేతుల్లోంచి తన చేతులు తీసుకుంది. మెల్లగా, ఒక్కొక్క వేలు.

"తప్పు మనిషిని పట్టుకొన్నావు తల్లీ. నాకు అక్క లేదు. మేము ఇద్దరమే, నేనూ నా తమ్ముడూ. ఆ మిషన్ తప్పు చెప్పుండాది. ఈ పిల్లనే అడుగు."

ముగ్గురూ నా వైపు చూశారు.

ఆరేళ్ళలో నిజమైన బగ్‌ను కాదనలేదు, బగ్ కానిదాన్ని బగ్ అనలేదు. దాని కోసం మేనేజర్లతో పోట్లాడాను. ఇవాళ అన్నాను. "అవునత్తా. బగ్. పేర్లు కలిస్తే మనుషుల్ని కలిపేస్తోంది. హనుమక్కలు ఊరికి పదిమంది ఉంటారు కదా. అందుకే పేజీ తీసేశాను."

గొంతు వణకలేదు. దానికే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అత్త నన్ను చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది. ఈ వయసులో ఫోన్‌ను నమ్మి వచ్చాను, నవ్వుతారమ్మా అంది. తానే నవ్వింది. అమ్మ కాఫీ ఇచ్చింది. పసుపు దంచే రోజు ఎవరెవరు రావాలో మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో తిరిగి, మిమ్మల్ని చిన్నప్పుడు ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళమ్మా అని అవ్వను అడిగింది. లక్ష్మీదేవి అనే పిలిచేవాళ్ళు అంది అవ్వ. పక్కన అమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

ఫిబ్రవరి 8, శనివారం

అవ్వ నిన్నటి నుంచి తినలేదు. సపోటాల కవర్ తన మంచం పక్కనే పెట్టుకుంది. ఎవరికీ ఇవ్వలేదు, తానూ తినలేదు.

అమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఒక్క ప్రశ్న కూడా. పప్పు రుబ్బుతూ, వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు అంది, ఎవరితోనూ కాదు. నాన్నకు చెప్పే ఉద్దేశం లేదని దాంతో తెలిసింది.

అవ్వ దగ్గర కూర్చున్నాను. పెళ్ళయ్యాక, అంతా సర్దుకున్నాక, అత్తకు నిజం చెబుదామన్నాను. అవ్వ వద్దంది. చెబితే రేపు నా కడుపున పుట్టే బిడ్డను పదిమందీ పదిరకాలుగా చూస్తారంది. "నా నోటితోనే అంటిని కదే. అక్క లేదని. మా నాయన నేర్పించిన మాట ఇన్నేండ్లకు అక్కరకొచ్చింది" అంది.

ఆమెకు కావలసింది వాళ్ళు ఆ గడప తొక్కడం. వచ్చి చిన్నమ్మా అన్నారు. నా కోసం, నీ చిన్నమ్మను కాను అంది. ఇంత రుణం నేనేం చేసుకోవాలో నాకు తెలియడం లేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

పునీత్ ఫోన్ చేసి ఒకటే నవ్వు. నీ కోడ్ దెబ్బకు మా అమ్మకు చిన్నమ్మ దొరికి మళ్ళీ పోయిందట కదా, ఇలాంటి టెస్టర్‌కు ఉద్యోగం ఎవరిచ్చారు అన్నాడు. పందొమ్మిది రోజులు తానూ నిద్రపోలేదట, ఇప్పుడు ప్రాణం కుదుటపడిందట. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 12, బుధవారం

చెప్పాను.

పునీత్ వాళ్ళ వ్యాన్‌లో, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో. అబద్ధం మీద అతని పక్కన కూర్చోలేకపోయాను. మొత్తం చెప్పాను. వెనకాల బ్యాటరీలు ఒకదానికొకటి తగులుతున్నాయి.  మీ అవ్వ అక్క లేదన్నప్పుడు ఏడ్చిందా అని అడిగాడు. లేదన్నాను.

పెళ్ళి ఆపాలని ఉందా అన్నాడు. లేదన్నాను. నాకూ లేదన్నాడు. అమ్మకు నేను చెప్పను, నువ్వూ చెప్పొద్దు అన్నాడు. సరే అన్నాను. పెళ్ళాం మొగుళ్ళుగా మేము తీసుకున్న మొదటి నిర్ణయం అది. చెయ్యి పట్టుకుంటాడేమోనని చూశాను. గేరు మీద నుంచి తీయలేదు. దిగేటప్పుడు పట్టుకున్నాడు, గట్టిగా, నొప్పి పుట్టేలా.

ఫిబ్రవరి 15, శనివారం

పేజీ వెనక పేర్లన్నీ దాచిన షీట్‌లో నూట నలభై ఆరు మంది ఉన్నారు. హనుమక్క వరుస డిలీట్ చేశాను. ఆమెను ఇంట్లోంచి పంపించడం ఇది రెండోసారి.

ఫిబ్రవరి 23, ఆదివారం

పెళ్ళయింది.

పొద్దున ముస్తాబు గది కిటికీలోంచి చూశాను. పెళ్ళికొడుకు వాళ్ళు దిగారు. వియ్యపురాలి కాళ్ళకు నీళ్ళివ్వాల్సింది మేము. అవ్వ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. అత్త ఆ చెంబు తీసుకుని, అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, తానే కింద కూర్చుని అవ్వ పాదం కడిగింది. ఎంత మర్యాదస్తురాలో అని మా వాళ్ళందరూ మెచ్చుకున్నారు. కడుగుతూ తల వంచి ఏదో అడిగింది. అవ్వ అడ్డంగా తల ఊపింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపింది. ఒక పాదం కడగడానికి ఎంతసేపు పడుతుంది? టైమవుతోందని పంతులు తొందరపెట్టాడు.

అత్త రెండో పాదం అందుకుంది.